ఎత్తు చూసి పిల్లల్ని వెనక్కి పంపకండి

ఏటా జూన్‌లో మా నాట్యశాలలో కొత్త పిల్లల్ని చేర్చుకునేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా వింటాను. "మా పాప బాగా పొట్టండీ, స్టేజీ మీద ఆనుతుందా?" అని ఒక తల్లి అడుగుతుంది. "మా అమ్మాయి తాడిచెట్టులా ఎదిగిపోతోంది టీచర్‌గారూ, ఇంక డాన్సేం బావుంటుంది, మాన్పించేద్దామా?" అని ఇంకో తల్లి. పక్క గదిలో మేం బరువులెత్తించే చోటికి పిల్లల్ని తీసుకొచ్చే నాన్నలది మూడో ప్రశ్న: "ఈ వయసులో బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోదూ?"

ఈ మూడింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. ఒంటి ఎత్తే మనిషి ఏం చెయ్యగలడో ముందుగా రాసిపెట్టేస్తుందని. నేను కాకినాడలో చాలా ఏళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నాను. దానితోపాటే నాట్యం చేసే పిల్లలకి బరువులతో సాధన చేయిస్తున్నాను. నాలుగడుగుల పదంగుళాల అమ్మాయినీ చూశాను, ఐదడుగుల పదంగుళాల అమ్మాయినీ చూశాను. ఎత్తుకి లెక్కే లేదని నేననను. చాలా లెక్క ఉంది. అయితే ఆ లెక్క పిల్లకి ఎలా నేర్పాలో తేల్చుకోవడానికి పనికిరావాలి. నేర్పాలా వద్దా అని తేల్చే అధికారం దానికి ఇవ్వకూడదు.

పొట్టిపొడుగుల పట్టింపు ఇవాళ పుట్టింది కాదు. నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’ నర్తకికి ఉండాల్సిన లక్షణాలు చెప్పి, నాట్యానికి తగనివారు ఎవరో కూడా చెప్పింది. మరీ లావు, మరీ సన్నం, మరీ పొడుగు, మరీ పొట్టి, అందరూ ఆ జాబితాలో ఉన్నారు. నేను రోజూ పాఠం చెప్పే గ్రంథం అది. హస్తాలు, దృష్టులు, శిరోభేదాలు అందులోంచే నేర్పుతాను. అయినా ఆ శ్లోకం దగ్గరికి వచ్చినప్పుడు పిల్లలతో ఒక మాట అంటాను: ఇది చూసేవాడి కంటి ఇంపు కోసం చెప్పింది, చేసేవాళ్ళ చేతనైనతనం గురించి కాదు. అదే గ్రంథం కాళ్ళ పనిని విడదీసి పది మండలాలు, ఐదు ఉత్ప్లవనాలు, ఏడు భ్రమరులు, ఎనిమిది చారులు అని లెక్క చెప్పింది. నిలవడం, ఎగరడం, తిరగడం, నడవడం. ఇవన్నీ ఫలానా ఎత్తువాళ్ళకే వస్తాయని ఎక్కడా అనలేదు.

కూచిపూడి చరిత్ర చూసినా ఆ జాబితా నిలబడదు. తరాల తరబడి కూచిపూడి ఊళ్ళో మగవాళ్ళే ఆడవేషాలు కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ ముందుకేసుకుని తెర దగ్గర నిలబడితే, చూసినవాళ్ళెవరూ ఆయన భుజాలు ఎంత వెడల్పో కొలవలేదు. మగ ఒళ్ళు సత్యభామకి అడ్డురాని కళలో ఓ ఆడపిల్లకి నాలుగంగుళాలు ఎక్కువయ్యాయని, తక్కువయ్యాయని అభ్యంతరం చెప్పడం ఏం న్యాయం?

ఇది మన దేశానికే ఉన్న జబ్బూ కాదు. 1948లో మొదలైన న్యూయార్క్ సిటీ బాలేకి రూపమిచ్చిన జార్జ్ బాలంషీన్‌కి పొడుగు కాళ్ళ నర్తకులంటే ఇష్టం. ఆయన అభిరుచి క్రమంగా ఓ ప్రమాణంలా పాకింది. అదే అమెరికాలో 157 సెంటీమీటర్ల మిస్టీ కోప్‌లాండ్ 2015లో అమెరికన్ బాలే థియేటర్‌లో ప్రధాన నర్తకి అయింది. ఆ స్థానానికి చేరిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. గత శతాబ్దపు మహా నర్తకుల్లో ఒకడైన మిఖాయిల్ బరిష్నికోవ్‌ ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు. మన ఊళ్ళో కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్ళని అడిగే ఎత్తు కంటే పిసరంత ఎక్కువ, అంతే.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఒకే కొలతల వాటంలో ఉన్న ఇద్దరు అమ్మాయిలున్నారనుకోండి. ఒకరు 150 సెంటీమీటర్లు, ఇంకొకరు 165. ఎత్తులో తేడా పదోవంతే. కండరం ఎంత బలం చూపగలదన్నది దాని అడ్డకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది ఎత్తు వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి పొడుగమ్మాయి బలం 21 శాతం ఎక్కువ. ఒంటి బరువు ఘనం చొప్పున పెరుగుతుంది కాబట్టి అది 33 శాతం ఎక్కువ. బలమూ పెరిగింది, ఆ బలం మొయ్యాల్సిన ఒళ్ళు అంతకన్నా ఎక్కువ పెరిగింది. ఇక గిరగిరా తిరగాలంటే ఒళ్ళు చూపించే ప్రతిఘటన ఎత్తు ఐదో ఘాతం చొప్పున, అంటే 61 శాతం ఎక్కువవుతుంది. నిజం శరీరాలు ఇంత కచ్చితంగా గీసిన బొమ్మలేం కావు. పొడుగువాళ్ళు సాధారణంగా కాస్త సన్నవాటంగా ఉంటారు కనుక తేడా ఇంతకంటే తగ్గుతుంది. మొగ్గు మాత్రం ఇటే ఉంటుంది. పెద్ద జంతువుకి ఎముకలు దామాషాని మించి లావుగా ఎందుకుండాలో చెబుతూ 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో వివరించిన సూత్రమే ఇది.

బరువులెత్తే పోటీల్లో దీన్ని కళ్ళారా చూడొచ్చు. టర్కీ లిఫ్టర్ నయీం సులేమానోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల తరగతిలో 190 కిలోలు తలపైకి ఎత్తాడు. తన ఒంటి బరువుకి మూడు రెట్లకి పైన. జార్జియాకి చెందిన లాషా తలఖాడ్జే 197 సెంటీమీటర్ల మనిషి, 170 కిలోలు దాటిన ఒళ్ళు. 2021 ప్రపంచ పోటీల్లో 267 కిలోలు ఎత్తాడు. మొత్తం బరువు చూస్తే లాషాది పైచెయ్యి. ఒంటి బరువుతో పోల్చి చూస్తే నయీం అతనికి రెట్టింపు. ఇద్దరిలో ఎవరు బలవంతుడని అడిగితే, దేనికి కావలసిన బలం అని ఎదురు అడగాలి. ఐదడుగులు కూడా నిండని మన మీరాబాయి చాను 2021 ఏప్రిల్‌లో 49 కిలోల తరగతిలో 119 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది టోక్యోలో వెండి పతకం తెచ్చింది. జిమ్నాస్టిక్స్‌లో సిమోన్ బైల్స్ 142 సెంటీమీటర్లు. 2016లో రియోలో ప్రొదునోవా అనే వాల్ట్ దూకి నాలుగో స్థానంలో నిలిచిన మన దీపా కర్మాకర్ కూడా ఐదడుగుల లోపే. ఒళ్ళు చిన్నదైతే గాల్లో తిరగడానికి ఉన్న కాస్త సమయంలో ఎక్కువ తిరగొచ్చు.

అలాగని పొట్టివాళ్ళదే రాజ్యమని అనుకోవద్దు. 2017 ఆగస్టులో గ్లాస్గోలో పి.వి. సింధు, నొజోమి ఒకుహారా ఆడిన ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ గుర్తుందా? ఇద్దరి మధ్య ముప్పావు అడుగు ఎత్తు తేడా. ఆట 110 నిమిషాలు సాగింది. ఆ రోజు చిన్నమ్మాయి గెలిచింది. రెండేళ్ళ తర్వాత బాసెల్ ఫైనల్లో సింధు అదే ఒకుహారాని 21-7, 21-7తో ఓడించింది. ఒకే కోర్టు, ఒకే నెట్టు. ఒకరికి అందే దూరం, పైనుంచి కొట్టే కోణం ఉన్నాయి. ఇంకొకరికి చటుక్కున దిశ మార్చుకునే చురుకు ఉంది. ఇద్దరి సాధన ఒకేలా ఉంటే ఇద్దరూ నష్టపోయేవాళ్ళే.

నాట్యంలోనూ అంతే. అరమండి తీసుకోండి. పాదాలు పక్కలకి తిప్పి, మోకాళ్ళు వేళ్ళ మీదుగా పెట్టి, మడమలు నేలకి ఆనించి, వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. తొడ ఎముక పొడుగ్గా ఉన్న పిల్ల ఇలా కూర్చోవాలంటే తుంటి కీలు బాగా విచ్చుకోవాలి, చీలమండ బాగా వంగాలి. బృందనృత్యంలో అందరి తలలూ ఒకే గీత మీదుండాలని కొందరు పట్టుబడతారు. ఆ గీత కోసం పొడుగు పిల్ల తన కీళ్ళు ఒప్పుకునేదానికంటే కిందికి దిగుతుంది. తుంటి దగ్గర రావాల్సిన తిప్పు అక్కడ రాకపోయేసరికి మోకాలి దగ్గర మెలిపడుతుంది. మోకాలు లోపలికి వాలుతుంది, పాదం లోపలి అంచు నేలకి అణిగిపోతుంది. అలా రెండు మూడేళ్ళు జతులు కొడితే మోకాలి నొప్పి రాక ఏమవుతుంది? తలలు సమంగా ఉండాల్సిన అవసరం ప్రేక్షకుడికి లేదు. మోకాళ్ళు సవ్యంగా ఉండాల్సిన అవసరం ఆ పిల్లకి జీవితాంతం ఉంటుంది.

మూడో కాలంలో, అంటే అన్నిటికన్నా వేగంగా, జతి పడేటప్పుడు పొట్టి పిల్ల పాదం తొందరగా లేస్తుంది, తొందరగా పడుతుంది. పొడుగు పిల్ల కాలికి ప్రయాణం ఎక్కువ, చేతికి ఇంకా ఎక్కువ. చెయ్యి పూర్తిగా చాచకుండానే తీర్మానం అయిపోతుంది. అలాంటి పిల్లని "చెయ్యి ఊపేస్తున్నావు" అని తిట్టి లాభం లేదు. భుజం వెనకున్న కండరాలకి బలమిచ్చి, చెయ్యి ఆగాల్సిన చోట టక్కున ఆగేలా చెయ్యాలి. అదే పిల్ల ఒక్క చారితో రంగస్థలం సగం చుట్టేస్తుంది. ఎగిరితే చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకీ కనిపిస్తుంది. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడినప్పుడు బరువు మధ్యబిందువు పైకి ఉంటుంది కాబట్టి చీలమండ ఎక్కువ పని చెయ్యాలి. దానికి ఒంటికాలి మీద మడమలెత్తే సాధన కావాలి. పొట్టి పిల్లకి తిరగడం, ఆగడం సులువుగానే వస్తాయి. అడుగు నిడివి, ఎగిరే ఎత్తు, చెయ్యి ఆఖరి వేలిదాకా సాచడం మీద పని చేయించాలి. ఎగరడానికి తొడలకీ పిరుదులకీ బలం కావాలి. ఆ బలం అరమండి ఒక్కదానితో రాదు, బరువుతో కూర్చుని లేస్తేనే వస్తుంది.

నా సంగతి చెబుతాను. నా ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. వయసులో ఉన్నప్పుడు నేను చేరిన ఓ నాట్యబృందంలో నన్నెప్పుడూ చివరి వరుసలోనే నిలబెట్టేవారు. పురుష పాత్రలు తప్ప ఇచ్చేవారు కాదు. ముప్పై దాటాక మోకాళ్ళు నొప్పి పెడితే ఓ ఫిజియోథెరపిస్టు బరువులతో సాధన మొదలుపెట్టించింది. కొన్ని నెలలకి నొప్పి తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, అంతదాకా బలవంతాన లాక్కొచ్చిన భ్రమరులు నా అదుపులోకి వచ్చాయి. నా ఎత్తులో అంగుళం కూడా మారలేదు. ఆ ఎత్తుని నడిపే బలం మారింది. అప్పట్నుంచి నా దగ్గర నేర్చుకునే ప్రతి పిల్లకీ వారానికి రెండు పూటలు బరువులు తప్పనిసరి చేశాను.

జిమ్ముల్లోనూ ఎత్తుని పట్టించుకోవడం లేదు. పోటీల్లో వాడే పెద్ద చక్రాల వ్యాసం 45 సెంటీమీటర్లు. వాటితో నేల మీదున్న కడ్డీ ఎప్పుడూ ఇరవైరెండున్నర సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, ఎత్తేవాళ్ళు ఎవరైనా సరే. 150 సెంటీమీటర్ల అమ్మాయికి అది ఒంట్లో ఏడోవంతుకి దగ్గర. 180 సెంటీమీటర్ల మనిషికి ఎనిమిదో వంతే, కాబట్టి అతను ఇంకా కిందికి వంగాలి. మన ఊళ్ళ జిమ్ముల్లో ఉండే చిన్న ఇనప చక్రాలు తొడిగితే కడ్డీ ఇంకా కిందికి దిగుతుంది, పొడుగు మనిషి నడుం ఇంకా వంగుతుంది. రెండు చెక్క దిమ్మలు వేసి కడ్డీని పైకి లేపితే సరిపోయేదానికి "నీకు నడుం బలం లేదు" అంటారు. తొడలు పొడుగున్నవాళ్ళు స్క్వాట్‌లో ముందుకి వాలితే "ఫారం బాలేదు" అంటారు. మడమల కింద అంగుళం మందం చెక్క పెట్టి, కాళ్ళు కాస్త ఎడంగా ఉంచి, డంబెల్‌ని గుండెకి హత్తుకుని కూర్చోమంటే అదే మనిషి చక్కగా కూర్చుంటాడు. పొట్టి ఆడవాళ్ళు యంత్రం మీద కూర్చుంటే పాదాలు నేలకి అందవు. కాళ్ళ కింద పీట వేయమని అడగడానికి వాళ్ళకి మొహమాటం. ఆ పీట అడక్కుండానే వేసేవాడే నా దృష్టిలో మంచి ట్రైనర్.

అసలు జాగ్రత్త అవసరమైన కాలం వేరే ఉంది. ఆడపిల్లలకి సుమారు పన్నెండేళ్ళప్పుడు, మగపిల్లలకి పధ్నాలుగేళ్ళప్పుడు ఎదుగుదల ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఆ ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్లు, అంతకు పైన కూడా పెరుగుతారు. మొదట కాళ్ళూ చేతులూ సాగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. ఎముక పెరిగినంత వేగంగా దాన్ని లాగే కండరానికి బలం రాదు. నిన్నటిదాకా పళ్ళెం మీద చకచకా నడిచిన పిల్ల ఇవాళ తూలుతుంది. మోకాలి చిప్ప కిందున్న ఎముక బొడిపె దగ్గర నొప్పి అంటుంది, మడమ నొప్పి అంటుంది. చాలామంది గురువులు అప్పుడే "శ్రద్ధ తగ్గింది" అంటారు. తల్లిదండ్రులు అప్పుడే మాన్పించేస్తారు. చదువు అనే సాకు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. మన నాట్యశాలల్లో పన్నెండు పదమూడేళ్ళకి మానేసే పిల్లల్లో చాలామంది అభిరుచి చచ్చి మానలేదు. తమ ఒళ్ళు తమ మాట వినని ఆ కొన్ని నెలల్లో ఎవరూ ధైర్యం చెప్పక మానేశారు.

నా దగ్గర ఓ అమ్మాయి పదమూడో ఏట అలాగే పెరిగింది. అంతకుముందు ఏడాది ముందు వరుసలో ఉన్న పిల్ల భ్రమరి పూర్తిచెయ్యలేక ఏడ్చింది. తల్లి మాన్పించడానికే వచ్చింది. నేను ఆ పిల్లకి ఎగిరే అంశాలు సగానికి తగ్గించాను. మూడో కాలం ఆపి రెండో కాలంలోనే చేయించాను. అభినయం ఎక్కువ చెప్పాను. బరువుల సాధన మాత్రం ఆపలేదు. తేలికపాటి డంబెల్‌తో కూర్చుని లేవడం, మడమలెత్తడం, నడుం నిటారుగా పెట్టి తుంటి దగ్గర వంగి లేవడం, ఇవి చేయించాను. మరుసటి ఏడాదికి ఎదుగుదల నెమ్మదించింది, పాత అడుగులన్నీ తిరిగొచ్చాయి. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలకి పాఠం చెబుతోంది.

ఇక్కడే ఆ మూడో ప్రశ్నకి జవాబు చెప్పాలి. బరువులెత్తితే పిల్లల ఎదుగుదల ఆగిపోదు. తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో, పిల్ల మొయ్యగల బరువుతో, సరైన పద్ధతిలో చేయిస్తే ఎముక చివర ఎదిగే భాగానికి హాని ఉండదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వంటి పిల్లల వైద్యుల సంఘాలు స్పష్టంగా చెప్పాయి. దెబ్బలు తగిలేది ఎక్కువగా పద్ధతి తెలియక, పందేలకి పోయి, మొయ్యలేనిది మోస్తేనే. జిమ్నాస్టులూ లిఫ్టర్లూ పొట్టిగా ఉంటారు చూడండి అంటారు. పొట్టివాళ్ళకి ఆ ఆటలు అనువు కాబట్టి వాళ్ళు అందులో నిలబడ్డారు. ఆట వాళ్ళని పొట్టి చెయ్యలేదు. పరిగెత్తి గంతేసినప్పుడు కాళ్ళ మీద పడే బరువు ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. గంతులకి లేని భయం నాలుగు కిలోల డంబెల్‌కి ఎందుకు?

బరువులెత్తడం మన నేలకి కొత్తా కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగలకి సంగిడి రాళ్ళు ఎత్తే పందేలు పెట్టుకునే జనం మనం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారిని దేశమంతా కలియుగ భీముడంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. నాట్యానికీ బలానికీ చుట్టరికం కూడా పాతదే. 13వ శతాబ్దంలో జాయప సేనాని రాసిన ‘నృత్తరత్నావళి’లోంచి, రామప్ప గుడి శిల్పాల్లోంచి నటరాజ రామకృష్ణగారు తిరిగి నిలబెట్టిన పేరిణి, వీరుల నాట్యం. పేరిణి చేసే కుర్రాళ్ళని చూసి "బలం నాట్యానికి అడ్డు" అని ఎవరైనా అనగలరా?

ఇదంతా ఇలా ఉంటే, ఎత్తు పెంచుతామని అమ్మే వ్యాపారం ఇంకోవైపు. కానిస్టేబుల్ ఎంపికలకి జనరల్ అభ్యర్థుల్లో మగవాళ్ళు 167.6, ఆడవాళ్ళు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. అర సెంటీమీటరు కోసం కడ్డీలకి వేలాడే కుర్రాళ్ళని, పాలల్లో ఏవో పొడులు కలుపుకుని తాగే ఆడపిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ వేలాడటమూ, ఏ పొడీ, ఏ నాట్యమూ ఎత్తు పెంచలేవు. పొద్దున లేవగానే కొలిస్తే సాయంత్రం కంటే సెంటీమీటరు దాకా ఎక్కువ వస్తుంది, పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య మెత్తలు తేరుకుంటాయి కాబట్టి. ప్రకటనల్లో చూపించే మహత్తులో కొంత భాగం ఇదే. బలమైన వెన్ను, తుంటి ఉంటే గూనిలో పోయే ఎత్తు మిగులుతుంది. ఆ మాట నిజం. అంతకు మించి ఎవరైనా మాటిస్తే డబ్బులివ్వకండి.

ఎదిగే వయసులో ఎత్తుకి నిజంగా పనికొచ్చేది తిండి, నిద్ర, జబ్బుల్లేకపోవడం. బాగా తిండి దొరికే సమాజాల్లో మనిషికీ మనిషికీ ఎత్తు తేడాలో ఐదింట నాలుగు వంతులు వంశంనుంచే వస్తాయి. మన దగ్గర ఇంకా అంత సుఖం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. వీళ్ళలో కొందరు పదేళ్ళ తర్వాత ఏదో ఒక నాట్యశాల గుమ్మం ఎక్కుతారు. కడుపు నిండని బాల్యం చేసిన పొట్టితనాన్ని చూపించి అప్పుడు వెనక్కి పంపితే, ఆ పిల్లకి ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేసినట్టు. ఆ నేరమూ ఆ పిల్లది కాదు.

కలిగినవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో రకం ఆకలి ఉంది. స్టేజీ మీద సన్నగా కనబడాలని పధ్నాలుగేళ్ళ పిల్లకి రాత్రి అన్నం మాన్పిస్తారు. రోజుకి రెండు గంటలు నాట్యం చేసే పిల్ల చాలినంత తినకపోతే నెలసరి ఆలస్యమవుతుంది, లేదా ఆగిపోతుంది. ఎముక గట్టిపడాల్సిన వయసులో బలహీనపడుతుంది. క్రీడాకారుల్లో ఈ శక్తి లోటుకి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఒక పేరు పెట్టి, వైద్యుల దృష్టికి తెచ్చారు. మన నాట్యశాలల్లో ఇప్పటికీ దాని ఊసే లేదు. గురువు నోటి నుంచి వచ్చిన "కాస్త ఒళ్ళు తగ్గించు" అన్న ఒక్క మాట ఆ పిల్ల ఏళ్ళ తరబడి మోస్తుంది. దయచేసి ఆ మాట అనకండి. గుడ్డో, పప్పో, వేరుశనగలో, పెరుగో, ఏది అందుబాటులో ఉంటే అది సాధన అయ్యాక తిన్నావా అని అడగండి.

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి నాట్యశాల గోడ మీద ఒక కొలబద్ద ఉండాలి. మూడు నెలలకోసారి, ఒకే వేళప్పుడు, ప్రతి పిల్ల ఎత్తూ కొలిచి పుస్తకంలో రాయాలి. అంకె చప్పున పెరిగితే ఆ పిల్లకి ఎగురుళ్ళు తగ్గించాలి, వేగం తగ్గించాలి, తిట్లు పూర్తిగా మానాలి. కుంటుతున్నా, రాత్రిళ్ళు నొప్పితో మెలకువ వస్తున్నా ఎముకల డాక్టరుకి చూపించాలి. వారానికి రెండు పూటలు బరువుల సాధన పెట్టాలి. నాలుగు జతల డంబెల్స్, రెండు చెక్క దిమ్మలు, ఒక రబ్బరు బ్యాండు చాలు మొదలుపెట్టడానికి. బృందనృత్యాల్లో వరుసలు ఎత్తుని బట్టి కట్టినా, ఏడాది పొడవునా ఒకే పిల్లని చివర నిలబెట్టకండి. సత్యభామ ఎవరో, కృష్ణుడు ఎవరో అభినయం చూసి తేల్చండి.

నాట్యంలో సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు నడిపే సంస్థలు పాఠ్యప్రణాళికలో శరీర శిక్షణని ఒక పేపరుగా చేర్చాలి. తాళం తప్పితే పట్టుకునే కన్ను మోకాలు లోపలికి వాలితే కూడా పట్టుకోవాలి. ఆ కన్ను గురువుకి శిక్షణతోనే వస్తుంది. బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులకీ ఎదిగే వయసు పిల్లల గురించి రెండు రోజుల తరగతి పెట్టడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు.

చివరిగా, పిల్లల్ని చేర్చుకునే దరఖాస్తులో ఎత్తు రాసే గడి ఉంటే ఉండనివ్వండి. దాని పక్కన ఇంకో మూడు గడులు చేర్చండి: గత ఏడాదిలో ఎంత పెరిగింది, మోకాళ్ళలోగానీ మడమల్లోగానీ నొప్పి ఉందా, నెలసరి సరిగా వస్తోందా. ఆ నాలుగూ కలిపి చదివే గురువు ఏ పిల్లనీ వెనక్కి పంపక్కర్లేదు. ఎవరికి ఏ పాఠం ముందు చెప్పాలో ఆ కాగితమే చెబుతుంది.